చెప్పని మందు

"కిందటేడు కేకలేశారు కదండీ, అందుకే చెప్పలేదు." ఆ తల్లి నాతో ఈ మాట అనేసరికి ఆమె కొడుకు విజయవాడలో డయాలసిస్ మంచం మీద ఉన్నాడు.

కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. ఊడ్పుల రోజులు. వారం పది రోజులు బురదలో నారు మోసి, ఒక సాయంత్రం చలిజ్వరంతో ఇంటికొచ్చాడు. పిక్కలు పట్టేశాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. మూడోనాటికి ఆ ఎరుపులోనే పసుపు తేలింది. మా పమిడిముక్కల మండలంలోనే కాదు, కృష్ణా డెల్టా అంతటా పచ్చకామెర్లంటే పసరు తాగాల్సిన జబ్బు. డాక్టరు తర్వాత. మూడు ఉదయాలు పరగడుపున పసరు పోయించి, ఉప్పూ నూనే లేని పత్యం పెట్టి, ఆరోనాడు నా దగ్గరికి తెచ్చారు. ఇంతకు ముందు మందేమైనా వాడారా అంటే "ఏం వాడలేదండీ" అంది. జ్వరం ఎప్పటి నుంచి అంటే "మొన్నటి నుంచి" అంది. పసరు తాగిన రోజుల్ని లెక్కలోంచి తీసేసింది. రెండు రోజుల జబ్బే కదా అని రక్తపరీక్షలు రాసి రేపు రమ్మన్నాను. ఆరోజు నేను అతని పిక్కలు నొక్కి చూడలేదు. మర్నాటికి మూత్రం ఆగిపోయింది.

అది ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరా జ్వరం. పొలం నీళ్ళలో ఉన్న క్రిమి కాళ్ళ పగుళ్ళలోంచి లోపలికి పోతుంది. మొదటి రోజుల్లో డాక్సీసైక్లిన్ లాంటి చవక మాత్రకు లొంగుతుంది. ఆలస్యమైతే కాలేయాన్నీ కిడ్నీలనూ పట్టుకుంటుంది. కుర్రాడు మూడు వారాల తర్వాత నడిచి ఇంటికొచ్చాడు. మనిషి దక్కాడు గానీ ఆ ఇంటి మీద అప్పు చాలాకాలం ఉండిపోయింది.

ఇక ఆ కేకల సంగతి. అంతకు ముందు సంవత్సరం ఆమె తన మనవణ్ణి తీసుకొచ్చింది. మూడు నెలల పసివాడు. జలుబు చేసిందని వసకొమ్ము అరగదీసి నాకించి, ఆముదం పోశారు. పొరబోయి ఆముదం ఊపిరితిత్తుల్లోకి దిగింది. డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను చూసి నాకు ఒళ్ళు తెలియలేదు. వసారా నిండా జనం ఉండగా ఆమెను నిలబెట్టి తిట్టాను. బిడ్డ కోలుకున్నాడు. పసివాళ్ళకు ఆముదం పోయకూడదని ఆమె నేర్చుకుంటుందనుకున్నాను. డాక్టరుకు ఇంటి మందు సంగతి చెప్పకూడదని నేర్చుకుంది. ఆ పాఠం చెప్పింది నేనే.

ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నన్ను ఇంతగా కలతపెట్టిన సంగతి ఇంకొకటి లేదు. ఇంటింటా ఏదో ఒక మందు ఉంటుంది. వాము, శొంఠి, మిరియాలు, కరక్కాయ, తులసి, దొడ్లో ఉత్తరేణి, గూట్లో హోమియో సీసాలు. ఇవన్నీ వాడే మా ముందుకొస్తారు. మా ముందు నోరు మెదపరు.

పసరుకు అంత పేరెలా వచ్చిందో కాస్త వివరంగా చెప్పాలి. మాకు తాగునీళ్ళు కాలువ నీళ్ళే. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు ఊరి చెరువులు నింపుకుంటాం. ఆ నీటిలో మురుగు కలిసిందంటే హెపటైటిస్ ఎ, ఇ వచ్చిపడతాయి. ఈ రెంటిలో నూటికి తొంభై మందికి పైగా ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో కోలుకుంటారు. ఆ వారాల్లో ఎవరు ఏమి తాగితే దానికే పేరు. పసరు ఇచ్చేవాళ్ళు చాలామంది డబ్బు కూడా పుచ్చుకోరు. వాళ్ళది మోసం అనను. వాళ్ళు చూసింది వాళ్ళు నమ్మారు. కానీ కళ్ళు పచ్చబడటానికి లెప్టో ఒక కారణం, పిత్తనాళంలో రాయి ఒక కారణం, క్లోమం తలలో కేన్సరు ఒక కారణం. గర్భిణికి వచ్చిన హెపటైటిస్ ఇ ప్రాణాల మీదికి తెస్తుంది. గిన్నెలో పసరు మాత్రం అందరికీ ఒకటే.

ఆ పసర్లలో ఎక్కువగా వాడే నేల ఉసిరిని శాస్త్రం పట్టించుకోలేదని కాదు. 1988లో మద్రాసు వైద్యులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లూమ్‌బర్గ్‌తో కలిసి, నేల ఉసిరి వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరస్ జాడ పోయిందని లాన్సెట్ పత్రికలో రాశారు. అందరిలో ఆశ పుట్టింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఈ కథ నేను రోగులకు చెబుతుంటాను. పరీక్షించి చూశాకే పక్కన పెట్టామని తెలిస్తే వాళ్ళకు కోపం రాదు.

నిలబడిన ఆకులూ ఉన్నాయి. దగ్గొచ్చినప్పుడు మా మామ్మ అడ్డసరం ఆకు, మిరియాలు వేసి కషాయం కాచేది. వైద్యకళాశాలలో చేరాక ఆ కషాయాన్ని చిన్నచూపు చూశాను. కళ్ళె కరగడానికి బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రాక్సాల్ సిరప్‌లు రాయడం మొదలెట్టిన కొన్నేళ్ళకు చదివాను: అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థాన్ని చూసే బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారట, దాని నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చిందట. అప్పటికి మామ్మ లేదు. ఇప్పుడు మామూలు దగ్గుకు అడ్డసరం తాగుతున్నామంటే తాగమంటాను. గర్భిణులకు మాత్రం వద్దంటాను, ఆ ఆకు గర్భసంచిని బిగిసేలా చేస్తుంది. ఇంకో మాట కూడా చెబుతాను. రెండు వారాలు దాటిందా, కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. మా ఊరి ఆటో డ్రైవరు ఒకరు రెండు నెలలు అదే కషాయం తాగాడు. క్షయ. ఈలోగా ఇంట్లో అతని చిన్నకూతురికీ అంటుకుంది.

గంజి మాట వస్తే నాకు మనసు నిండుతుంది. విరేచనాలైతే గంజిలో ఉప్పు వేసి తాగించడం మన పెద్దవాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోసి కలరా రోగుల చేత తాగించారు. చావులు బాగా తగ్గిపోయాయి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసివాళ్ళకు ప్రమాదం. విరేచనాలైన బిడ్డకు సెలైన్ ఎక్కించమని నన్ను బతిమాలే తల్లులకు దీన్నే వాళ్ళ చేత కలిపించి చూపిస్తాను.

"చెట్టు మందు కదండీ, హాని ఏముంటుంది?" అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. కరోనా రోజుల్లో మా ఊళ్ళల్లో ప్రతి కంచె మీదా ఉన్న తిప్పతీగ మాయమైపోయింది. అందరూ కషాయాలు కాచుకున్నారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. అది చదివిన కొన్ని నెలలకే నా దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఏడాదిగా రోజూ గ్లాసుడు తాగుతోంది. ఆపించాక మెల్లగా కుదుటపడింది. అంతకంటే ఘోరమైంది ఇంకొకటి ఉంది, అందులో తప్పు నాది.

ఒక పెద్దావిడ కీళ్ళనొప్పులకు ఏడాదిన్నరగా పేరు లేని పొట్లాల్లో ఏదో పొడి వాడుతోంది. "ఆయుర్వేదం బాబూ, నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది" అంది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చేతుల మీద తోలు పల్చబడి కమిలిపోయి ఉంది, కొత్తగా షుగరు. పొడిలో స్టెరాయిడ్ కలిపారని చూడగానే తెలిసింది. కోపంలో "ఇది ఇవాళే అవతల పారెయ్యి" అన్నాను. ఆమె నా మాట విని పారేసింది. నాలుగోనాడు స్పృహ లేకుండా తీసుకొచ్చారు, బీపీ అందడం లేదు. అంతకాలం స్టెరాయిడ్ పడితే ఒంట్లో తయారయ్యేది నిలిచిపోతుంది. మెల్లమెల్లగా తగ్గించాలే గాని ఒక్కసారిగా ఆపకూడదని నాకు తెలుసు. పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కోపం వచ్చిన ఆ ఒక్క నిమిషం చదువు గుర్తుకు రాలేదు. ఆమె బతికింది. ఆ తర్వాత పొట్లం ముట్టుకోకుండా, దాన్ని ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారో ముందు అడుగుతున్నాను.

హోమియో గురించి రాయాలంటే మాకు చేయి కాస్త బరువెక్కుతుంది. పక్కనే గుడివాడ. 1945లో మొదలై, ఇప్పుడు డాక్టర్ గురురాజు పేరుతో నడుస్తున్న ప్రభుత్వ హోమియో కళాశాల ఉన్న ఊరు. నా చిన్నతనంలో మా బడిపంతులుగారు సాయంత్రం అరుగు మీద హోమియో పెట్టె తెరిచి ఉచితంగా గుళికలిచ్చేవారు. తియ్యగా ఉంటాయని జ్వరం లేకపోయినా వెళ్ళేవాళ్ళం. ఆయన మీద నాకున్న గౌరవం ఇవాళ్టికీ తగ్గలేదు. కానీ లెక్క లెక్కే. మూలపదార్థం ఒక చుక్కను 99 చుక్కల ఆల్కహాలులో కలిపితే ఒక మెట్టు. అందులో ఒక చుక్క తీసి మళ్ళీ 99 చుక్కల్లో. ఇలా ముప్పై మెట్లు ఎక్కితే 30 పొటెన్సీ. పన్నెండో మెట్టు దాటేసరికే మొదటి పదార్థంలోని ఒక్క అణువైనా మిగిలే ఆశ దాదాపు ఉండదు. 2020 జనవరిలో ఆయుష్ శాఖ కరోనాకు ముందుజాగ్రత్తగా సూచించిన ఆర్సెనికం ఆల్బం 30 సీసాలు మా ఇంటికీ వచ్చాయి. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 176 అధ్యయనాలు పరిశీలించి, హోమియో ఫలానా జబ్బును నయం చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2015లో ప్రకటించింది. నేను చదివినంతలో, చూసినంతలో నా అభిప్రాయమూ అదే.

అయినా పిల్లవాడికి ముక్కు కారుతుంటే నాలుగు గుళికలు వేసి మూడు రోజులు ఊరుకునే తల్లిని నేను కాదనను. జలుబు తనంతట తనే తగ్గుతుంది. ఆ మూడు రోజుల్లో మందుల షాపు నుంచి అడిగి తెచ్చే యాంటీబయాటిక్ ఆ పిల్లవాడి కడుపులో పడకపోవడమే మేలు. నాకు భయమల్లా ఇన్సులిన్ మానేసి గుళికలు పట్టేవాళ్ళ గురించి, మూర్ఛ మాత్రలు మానేసేవాళ్ళ గురించి. గుడివాడలో చదువుకుని ఇక్కడికి దగ్గర్లోనే ప్రాక్టీసు పెట్టిన ఒక హోమియో డాక్టరు ఇలాంటివాళ్ళను వెంటనే నా దగ్గరికి పంపుతారు. రోగిని అరగంట కూర్చోబెట్టి నిద్ర, ఆకలి, దిగులు అన్నీ అడిగి, ఒక కాగితం మీద తారీఖులతో సహా రాసి పంపుతారు. ఆ కాగితం చూసినప్పుడల్లా నేను రోగికిచ్చిన మూడు నిమిషాలు గుర్తుకొస్తాయి.

పాముకాటుకు, గుండెనొప్పికి ఇంట్లో ఏదీ ఇవ్వకూడదు, అంతే. 2018 ఆగస్టులో దివిసీమలో వరసగా పాముకాట్లు జరిగి అవనిగడ్డ ఆసుపత్రి కిటకిటలాడింది. మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. జనం భయం అంతటిది. పూజ చేసుకోండి, మొక్కుకోండి, కానీ కాటేసిన గంట మాత్రం కాలిని కదపకుండా పెట్టుకుని యాంటీ వీనం ఉన్న చోటికి రావాలి. కట్లపాము కాటుకు నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనబడదు. తెల్లారి కడుపునొప్పి అంటూ లేచిన మనిషికి వాము పెట్టి కూర్చుంటే రెప్పలు వాలిపోతాయి.

ఇప్పుడు నా ఓపీ పుస్తకంలో బీపీ, షుగరు గడుల పక్కన ఇంకొక గడి గీసుకున్నాను, "ఇంటి మందు" అని. "ఏమైనా వాడారా" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు లేదనే జవాబు వస్తుంది. "మీ ఇంట్లో దీనికి ఏం ఇస్తారమ్మా?" అని అడుగుతాను. కొంగున కట్టుకున్న పొట్లాలు, చిన్న సీసాలు, వేరు ముక్కలు బల్ల మీదికి వస్తాయి. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని వాసన చూస్తాను. కొన్నింటి పేర్లు వాళ్ళే నాకు చెప్పాలి.

మొన్న ఊడ్పుల్లో ఆ తల్లే మళ్ళీ వచ్చింది, ఈసారి చిన్నకొడుకుతో. నేను అడగకముందే వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. "నిన్న మధ్యాహ్నం పొలంలోనే జ్వరం తగిలిందండీ. సాయంత్రం పిక్కలు నొప్పులన్నాడు. రాత్రి మిరియాల కషాయం ఒక గ్లాసు ఇచ్చాను. తెల్లారి గంజి తాగాడు, మూత్రం బాగానే పోశాడు. ఇంకేమీ ఇవ్వలేదు బాబూ."

నేను లేచి వెళ్ళి కుర్రాడి పిక్కలు నొక్కి చూశాను.