ద్వితీయం లేని ఇంట హాస్యం ఎవరి కోసం?

చలనచిత్రదర్శనం కొందరికి కాలక్షేపం, కొందరికి వ్యసనం. కాకినాడలో తపాలాశాఖ ఉద్యోగం నుండి విశ్రాంతి పొందిన ఒక గృహస్థుకు మాత్రం అది నిత్యానుష్ఠానంతో సమానం. శుక్రవారం మొదటి ఆట చూడటం, ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోవడం, వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని ఆ చిత్రపు గుణదోషాలను సహధర్మచారిణికి సవిస్తరంగా నివేదించడం, ఈ మూడూ పూర్తయితేనే ఆయనకు సినిమా చూసినట్టు. ఆమె హాలుకు వెళ్ళడం అరుదు. "మీరు చెబుతుంటే చూసినట్టే ఉంటుంది, టికెట్టు డబ్బులు మిగిలాయి" అని నవ్వేది.

అటువంటి ఇల్లాలు స్వయంగా కోరి వెళ్ళిన చిత్రం ‘మిథునం’. 2012 డిసెంబరులో అది విడుదలైంది. నటునిగా, రచయితగా సుప్రసిద్ధులైన తనికెళ్ళ భరణి దానికి దర్శకులు. మూలం శ్రీరమణ రచించిన అదే పేరు గల కథ. ఆ కథపై ప్రీతితో బాపు దానిని ఆద్యంతం తన దస్తూరీతో తిరిగి రాశారన్నది సాహిత్యలోకానికి విదితమే. అదే కథ ఆధారంగా ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లోనే మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’ అనే చిత్రాన్ని తీశారు. తెలుగు చిత్రంలో తెరపై కనిపించేవారు ఇద్దరే: అప్పదాసుగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. సంతానం విదేశాలలో స్థిరపడగా, పల్లెటూరి పాత ఇంట్లో, పచ్చని పెరటి మధ్య, రుచుల కోసం, అలకల కోసం, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం కోసం జీవిస్తున్న వృద్ధదంపతుల వృత్తాంతం అది.

ఆ ప్రేక్షకుని అభిప్రాయంలో ఈ చిత్రానికి ప్రథమ గుణం దాని హాస్యస్వభావం. సాధారణంగా మన చిత్రాలలో నవ్వు పుట్టాలంటే మూడవవాడొకడు కావాలి. వాని వైకల్యమో, అజ్ఞానమో, పిసినారితనమో పరిహాసానికి ఆలంబనం కావాలి. ఇక్కడ మూడవవాడే లేడు. భరతముని నాట్యశాస్త్రంలో హాస్యరసానికి శృంగారం నుండి ఉత్పత్తి చెప్పాడు. యౌవనంలో ఆ సంబంధం అంత స్పష్టంగా కనబడదు. వార్ధక్యంలో మాత్రం, దేహబలం ఉడిగి, వాంఛ శాంతించి, అనురాగానికి మాటే ఏకైక వాహనమైనప్పుడు, శృంగారం హాస్యంగా పరిణమిస్తుంది. అప్పదాసు భార్య మీద విసిరే ప్రతి ఛలోక్తీ ఆ పరిణామానికి నిదర్శనమని ఆయన వాదన. కాఫీకి దండకం చదివేవాడు నిజానికి ఆ కాఫీ కలిపిన చేతిని స్తుతిస్తున్నాడు కదా!

గుణాలు చెప్పి ఊరుకుంటే ఆయన అభిమాని అవుతారు గాని విమర్శకుడు కారు. అందుచేత దోషాలనూ లెక్కించారు. భోజనప్రశంస ఒకటి రెండు చోట్ల కథాగమనం కన్న బరువెక్కింది. దూరదేశాలలోని సంతానం తమ పక్షం వినిపించుకునే అవకాశం లేని ముద్దాయిల వలె మిగిలారు. అంత పెరడు సాగుచేసే వృద్ధులకు ఒళ్ళునొప్పులన్నవి పెద్దగా బాధించినట్టు లేదు. ఇవన్నీ క్షంతవ్యాలు. క్షమించలేనిదిగా ఆయనకు తోచినది ఒక్కటే: ముగింపు.

అప్పదాసు ముందుగా కన్నుమూస్తాడు. తాను కోరుకున్నదీ అదేనని బుచ్చిలక్ష్మి చెబుతుంది. తాను ముందు పోతే ఆ మనిషి ఏమైపోతాడోనన్న భయం ఆమెది. పసుపుకుంకుమలతో వెళ్ళిపోవాలని తరతరాలుగా నోములు నోచిన స్త్రీజాతి నోట ఇటువంటి కోరికా? వరలక్ష్మీవ్రతం, అట్లతద్ది, కార్తికదీపం, ఇన్నింటి ఫలశ్రుతిని ఒక్క మాటతో తలకిందులు చేయవచ్చునా? వారం రోజులపాటు ఆయన ఈ ఆక్షేపణను పీట మీద కూర్చుని వినిపించారు. పైగా అప్పదాసు చేతకానివాడు కాడు. తన పనులన్నీ తాను చక్కబెట్టుకోగల పనిమంతుడు. అటువంటివానికి ఒకరి ఆసరా ఎందుకు? ఈ సుదీర్ఘ ఉపన్యాసానికి ఆమె ఇచ్చిన సమాధానం ఒక్కటే: "మజ్జిగ పొయ్యనా?"

ఎనిమిది సంవత్సరాలు గడిచాయి. 2020 మార్చిలో హాళ్ళు మూతపడ్డాయి. ఆ ఏడాది శ్రావణంలో ఆమె పెరట్లో కాలు జారి పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నది. ఆరువారాల కట్టు. డెబ్భైవ ఏట ఆయన మొదటిసారి పొయ్యి వెలిగించారు. ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంటే, ఆయన పోపు మాడ్చి, అన్నం పలుకు చేసి, క్రమంగా పప్పు, చారు, రెండు రకాల వేపుళ్ళు నేర్చుకున్నారు. కట్టు విప్పేనాటికి ఆయన చారుకు ఆమె నుండి "పరవాలేదు" అనే బిరుదు లభించింది.

సెప్టెంబరు 25న చెన్నైలో బాలసుబ్రహ్మణ్యం పరమపదించారు. ఆ రాత్రి దంపతులిద్దరూ ఇంట్లోనే మళ్ళీ ‘మిథునం’ చూశారు. హాలులో నలుగురితో కలిసి నవ్విన చోట్ల ఈసారి నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. చిత్రం ముగిసిన తరువాత ఆయన ఉత్సాహం తెచ్చుకుని, "నీకా బుచ్చిలక్ష్మి బెంగ అక్కర్లేదు. నాకిప్పుడు చారు పెట్టుకోవడం వచ్చు" అన్నారు.

ఆమె కాసేపు ఊరుకుని, "చారు వచ్చు, సరేనండీ. ఎలా కుదిరిందో ఎవరినడుగుతారు? సినిమా చూసొచ్చి ఎవరికి చెబుతారు?" అన్నది.

ఎనిమిదేళ్ళ క్రితం మజ్జిగతో కప్పిపుచ్చిన సమాధానం అది. ఆయన ఆక్షేపణ మొత్తం దానితో కూలిపోయింది. అప్పదాసు చేతులు స్వతంత్రమైనవే; ఆనందం మాత్రం పరాధీనం. తన చమత్కారానికి ముఖం చిట్లించే మనిషి లేనిదే అతని చమత్కారం పుట్టదు. ఆ రహస్యం బుచ్చిలక్ష్మికి తెలుసు. ఆమె కోరినది వైధవ్యం కాదు. ఇద్దరిలో ఒకరికి తప్పని ఏకాకిత్వం ఉన్నదే, దానిని భర్తకు వదలక తన వాటాకు వేసుకున్నది. నోముల ఫలం తనకు అక్కరలేదని చెప్పినది ధిక్కారంతో కాదు, త్యాగంతో. సౌభాగ్యాన్ని సైతం సమర్పించిన త్యాగానికి మించిన పాతివ్రత్యం ఏ వ్రతకథలో ఉన్నది?

బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయంలోని చతుర్థ బ్రాహ్మణం ఈ విషయాన్నే సృష్ట్యాదిలో నిలిపి చూపుతుంది. ఆదిలో ఒక్కడే ఉన్న ఆత్మ మొదట భయపడ్డాడు. తనకన్న అన్యం లేనప్పుడు ఎవరిని చూసి భయమని విచారించగా భయం తొలగింది. భయం రెండవదాని వలననే కదా. అయితే భయం పోయినా ఆనందం కలుగలేదు. ఒంటరిగా ఉన్నవాడు రమించలేడు. అందుచేత రెండవవానిని కోరి, తననే రెండుగా చేసుకున్నాడు. పతి, పత్ని ఏర్పడ్డారు. చిత్రానికి పెట్టిన పేరుకు మూలార్థం అక్కడ ఉన్నది.

వేదాంతశ్రవణంలో సాధారణంగా మొదటి వాక్యమే చెవికెక్కుతుంది: ద్వితీయం వలన భయం. దాని వెన్నంటి వచ్చే రెండవ వాక్యం గృహస్థునికి ఉద్దేశించినది: ద్వితీయం లేక రతి లేదు. భయమూ ఆనందమూ ఒకే ద్వారం గుండా ఇంట్లోకి వస్తాయి. ఒకదానిని లోనికి రానిచ్చి మరొకదానిని గుమ్మం బయట నిలుపుదామంటే కుదరదు. అప్పదాసు ఇంట్లోని నవ్వులన్నిటి వెనుక ఆ భయం మొదటి నుండీ కూర్చునే ఉన్నది. చివర హఠాత్తుగా ప్రవేశించినది కాదు. కనుక ముగింపు హాస్యానికి భంగం కాదు, హాస్యానికి భాష్యం. ఆ ప్రేక్షకుని సవరించిన అభిప్రాయం ఇది.

అభిప్రాయం మారినంతలో మనస్సు మారదు. అందుకు సాధన కావాలి. 2021 సంక్రాంతినాటికి సగం కుర్చీలు ఖాళీగా ఉంచి హాళ్ళు నడుస్తున్నాయి. ఆయన ముఖానికి మాస్కు కట్టుకుని మొదటి ఆటకు వెళ్ళి, ఒక నియమం పెట్టుకున్నారు: చూసిన సినిమా గురించి ఆ రాత్రి ఒక్క మాటా చెప్పకూడదు. ద్రష్టగా మిగలాలి, తన ఆనందానికి తానే సాక్షి కావడం కొంచెమైనా అలవడాలి. తాను అంతమాత్రం నేర్చుకుంటే, ఆమె దేవుని ముందు బుచ్చిలక్ష్మి కోరిక కోరవలసిన అవసరం ఉండదని ఆయన ఆశ. ఆ దీపం ముందు ఆమె ఏమి కోరుకుంటున్నదో అడిగే ధైర్యం మాత్రం ఆయనకు లేదు.

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మాట్లాడకుండా భోజనం ముగించి పడుకున్నారు. ఆమె కూడా ఏమీ అడగలేదు. గోడగడియారం పదకొండు కొట్టింది. పన్నెండు కొట్టింది. ఇక నిగ్రహం తన వల్ల కాదని తెలిసి, ఆయన చీకటిలో మెల్లగా, "మెలకువగానే ఉన్నావా?" అన్నారు.

"మీరెప్పుడు చెబుతారా అనే చూస్తున్నాను" అన్నది ఆమె.