పగులు – అతుకు

రావిర్యాల రంగారెడ్డి జిల్లాలోని ఒక గ్రామం. 2008లో శంషాబాద్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఆ పరిసర గ్రామాల రూపురేఖలు ఎంతో మారాయి. బాహ్యవలయ రహదారి ఈ ఊరి పక్కగా సాగుతుంది. ఆ రహదారి ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. అందుచేత మోటారు సైకిలుపై పనికి వెళ్ళేవారికి సర్వీసు రోడ్డే ఆధారం.

ఒక ఆదివారం ఉదయం ఆ ఊరిలో ఒక ఇంటి అరుగుపై తండ్రీకొడుకులు కూర్చొని ఉన్నారు. ముందునాటి రాత్రి కొడుకు బండి ఇసుకలో జారింది. దైవవశాత్తు అతనికి పెద్ద గాయాలు కాలేదు. బండి సైడు ప్యానెల్ మాత్రం జానెడు మేర పగిలింది. హెల్మెట్‌పై సన్నని చీలిక ఏర్పడింది. నెలాఖరు కావడంతో రెండింటినీ కొనే స్తోమత వారికి లేదు.

తండ్రి వెంటనే జిగురు చేతబట్టలేదు. ప్యానెల్‌ను విప్పి, కడిగి, లోపలివైపు అచ్చువేసిన అక్షరాలను చదివాడు. ‘ఎ.బి.ఎస్.’ అని ఉంది. ఆ ప్లాస్టిక్ అసిటోన్‌లో కరుగుతుంది. ‘పి.పి.’ అని ఉంటే అది పాలీప్రొపిలీన్; అసిటోన్‌లో కరగదు, వేడితోనే అతకాలి. రోగమెరుగక మందు వేయరాదు కదా!

పిదప అతడు పగులు చివరను వెదకి, అక్కడ సన్నని రంధ్రం చేశాడు. పగిలినదానికి మరొక రంధ్రమెందుకని కొడుకు విస్తుపోయాడు. పగులు కొన పదునుగా ఉన్నంతకాలం ఒత్తిడి అంతా అక్కడే పోగుపడుతుంది. కొన గుండ్రమైతే ఆ ఒత్తిడి చెదిరి, పగులు ముందుకు పాకదు. గాజు సులభంగా పగలడానికి అందులోని సూక్ష్మమైన పగుళ్ళే కారణమని ఆంగ్లేయ ఇంజినీరు ఎ. ఎ. గ్రిఫిత్ 1921లో వివరించాడు. అదే గాజును సన్నని పోగులుగా తీస్తే బలం ఎన్నో రెట్లు పెరుగుతుందని కూడా ఆయన చూపాడు. ఫైబర్‌గ్లాస్ బలమంతా ఆ పోగులలోనే ఉంది. అందుకే ఫైబర్‌గ్లాస్ భాగం పగిలినప్పుడు పైన రెసిన్ పూసినంత మాత్రాన చాలదు. లోపలివైపు గరుకుచేసి, గాజుపోగుల చాపను రెసిన్‌లో తడిపి పరచాలి.

తండ్రి పాత ప్లాస్టిక్ ముక్కలను అసిటోన్‌లో నానబెట్టి ముద్ద చేశాడు. అసిటోన్ త్వరగా అంటుకొనే ద్రవం కనుక పొయ్యికి దూరంగా, ఆరుబయటనే పని సాగించాడు. పగులు వెంట లోపలివైపు గాడి తీసి, ముద్దను నింపి, సన్నని ఉక్కు జాలీని అదిమాడు. అది గట్టిపడే వరకు ఒక రోజంతా కదపలేదు. బిగించే చోట అరిగిన రబ్బరు బుష్‌ను కూడా మార్చాడు. అదురు తగ్గకపోతే అతుకు నిలువదు.

“నాన్నా, ఈ హెల్మెట్‌ను కూడా అతికించరాదా?” అని కొడుకు అడిగాడు.

“వద్దు బిడ్డా. పై చీలికను పూడ్చగలను. కాని దెబ్బకు లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది. అది మరొక దెబ్బను ఓర్వలేదు. ప్యానెల్ బండిని కప్పేది. ఇది ప్రాణాన్ని కాచేది.”

మరెవరూ పొరపాటున ధరించకుండా ఆయన ఆ హెల్మెట్ పట్టీని కోసివేశాడు. ప్యానెల్‌పై ఆదా అయిన సొమ్ముతో ఐ.ఎస్.4151 ముద్ర ఉన్న కొత్త హెల్మెట్ ఇంటికి వచ్చింది. అతుకు గీత ఇప్పటికీ ఆ బండిపై కనిపిస్తూనే ఉంది. దానిని రంగువేసి దాచాలని కొడుకు ఎన్నడూ అనుకోలేదు.