ఒకే డిస్కులో రెండు సంసారాలు

ఒక ఒరలో రెండు కత్తులు యిమడవని మన పెద్దల మాట. కంప్యూటరు విషయంలో యీ సామెత సగమే నిజం. ఒకే హార్డ్ డిస్కులో రెండు ఆపరేటింగ్ సిస్టములు హాయిగా యిముడుతాయి. కాని రెండూ ఒకేసారి పనిచేయవు. ఒకటి పడుకుంటేనే రెండవది లేస్తుంది. తమిళనాట తరతరాలుగా కాపురముంటున్న మనకు యిదేమంత వింత కాదు. ఆఫీసులో ఫైలు విప్పితే తమిళం, యింటి గడప తొక్కితే తెలుగు. రెండూ ఒకే బుర్రలో వున్నా, నాలుక మీద ఒక్కసారికి ఒక్కటే.

మా యింటి కంప్యూటరు పాతది. దానిలో 2015 జూలైలో వెలువడిన విండోస్ 10 వున్నది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే రక్షణ సవరణలు నిలిచిపోయినవి. విండోస్ 11కు మారుదామంటే టి.పి.ఎం. 2.0 అనే రక్షణ యేర్పాటు, కొత్త తరం ప్రాసెసరు వుండాలట. మా దానికి ఆ భాగ్యం లేదు. మరమ్మతు అంగడిలో అడిగితే, "అంతా తుడిచేసి లినక్సు వేసిస్తాను సార్, గంటలో పని" అన్నాడు.

ఆ "అంతా" అన్న మాట దగ్గర మాకు గుండె ఆగినంత పనైంది. ఆ డిస్కులో మా నాన్నగారు చివరి రోజుల్లో టైపు చేసిన నూట పన్నెండు పెళ్ళిపాటలు వున్నవి. మా అవ్వ నోట, మా అమ్మ నోట విని, ఒక్కొక్క అక్షరమూ వెదకి కొట్టినవి. ఆయన లేరు, అవ్వా లేదు. అమ్మకు యిప్పుడు సగం పాటలు సగంలోనే ఆగిపోతున్నవి.

ఫైళ్ళను వేరేచోటికి ఎక్కించుకుంటే చాలదా అని పాఠకులు అడగవచ్చు. యిక్కడే చిక్కు. కంప్యూటరు అక్షరాన్ని అంకెగా దాచుకుంటుంది. 1991లో వచ్చిన యూనికోడు పద్ధతి తెలుగు కోసం 128 స్థానాలు ప్రత్యేకించింది. నాన్నగారు వాడినది అంతకు భిన్నమైన పాత డి.టి.పి. ఫాంటు. అందులో ఇంగ్లీషు అక్షరాల అంకెల మీదనే తెలుగు ఆకారాలు తొడిగి వుంటారు. ఆ ఫాంటు వున్నచోట "పెళ్ళి" అని కనబడేది, లేనిచోట అర్థంలేని ఇంగ్లీషు ముక్కలుగా కనబడుతుంది. ఫైలు బ్రతికినా పాట బ్రతకదు. ఆ ఫాంటూ, దాని వెంటవచ్చిన ప్రోగ్రామూ విండోసులోనే నడుస్తవి. కనుక పాత సంసారాన్ని కదపకుండా ప్రక్కన కొత్తదానికి చోటు చేయవలసి వచ్చింది.

యిది మన ప్రాంతానికి కొత్తదీ కాదు. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు పంచనారంభించిన లాప్‌టాపులలో విండోసుతోబాటు సి-డాక్ వారి బాస్ లినక్సు కూడా వుండేది. మేము మాత్రం లినక్సు మింట్ ఎంచుకున్నాము. కాలేజీలో చదివే మా అమ్మాయి ప్రక్కన కూర్చున్నది.

మొదట ఫైళ్ళన్నిటికీ వేరొక డిస్కులో నకలు తీశాము. భాగపంపిణీకి ముందు చేయవలసిన పని అదే. మా డిస్కు 500 జి.బి. అని పైన రాసి వున్నా, విండోసు 465 అనే చూపిస్తుంది. తయారుచేసేవారు వెయ్యి చొప్పున లెక్కిస్తే, విండోసు 1024 చొప్పున లెక్కిస్తుంది. పోయినదేమీ లేదు. విండోసులోనే వున్న డిస్క్ మేనేజ్‌మెంటులో "ష్రింక్ వాల్యూమ్" అన్నదానితో పాత భాగాన్ని కుదించి, విండోసుకు 250, లినక్సుకు 115, యిద్దరికీ ఉమ్మడి వసారాగా 100 కేటాయించాము.

పూర్వపు పద్ధతిలో డిస్కు మొదటి 512 బైట్లలోనే భాగాల పట్టిక వుండేది. దానిలో నాలుగు పద్దులకే చోటు. కొత్తదైన జి.పి.టి. పద్ధతిలో మామూలుగా 128 పద్దులు పడతవి, పట్టిక నకలు డిస్కు చివర కూడా వుంటుంది. పాత పద్ధతిలో చివర వచ్చినవాడు వాకిలి తాళం తన చేతిలోకి తీసుకునేవాడు. అందుకనే ముందు విండోసు, తరువాత లినక్సు అనే వరుస యేర్పడింది. లినక్సు వెంట వచ్చే గ్రబ్ అనే ద్వారపాలకుడు, మీట నొక్కగానే "ఎవరిని లేపమంటారు?" అని అడుగుతాడు. విండోసు డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసివుంటే, దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోవాలి.

మరొక జాగ్రత్త. విండోసులో "ఫాస్ట్ స్టార్టప్" వున్నంతకాలం అది పూర్తిగా నిద్రపోదు, ఒక కన్ను తెరిచే వుంటుంది. ఆ సమయంలో లినక్సు ఉమ్మడి భాగంలో ఏమైనా రాస్తే లెక్కలు తారుమారవుతవి. దానిని ఆపివేశాము. అమ్మాయి షరతు ఒకటి: "నాన్నా, యిక ఆ పాతదాన్ని నెట్టుకు కలపవద్దు. బ్యాంకు పని కొత్తదాంట్లోనే." సరేనన్నాము.

మూడవనాడు విండోసు తెరిస్తే మధ్యాహ్నం పన్నెండుకు ఉదయం ఆరున్నర చూపింది. మా శ్రీమతి గోడ గడియారం చూసి, "ఏమండీ, దానికింకా తెల్లవారలేదే!" అన్నది. యంత్రంలోని గడియారాన్ని విండోసు స్థానికకాలమనుకుంటుంది, లినక్సు అంతర్జాతీయ కాలమనుకుంటుంది. మనకూ దానికీ తేడా అయిదున్నర గంటలు. గడియారంలో స్థానికకాలమే వున్నదని లినక్సుకు ఒక్క ఆజ్ఞ యిస్తే తగవు తీరింది.

తరువాత అసలు పని మొదలైంది. విండోసులో పాట తెరిచి పి.డి.ఎఫ్.గా ఉమ్మడి వసారాలో పెడతాము. దానిలో ఆకారం నిలుస్తుంది కాని, పదం వెదకబోతే దొరకదు. అందుకని పాత అక్షరాలను యూనికోడుగా మార్చే సాధనంతో మరొక ప్రతి చేస్తాము. లినక్సులో రెండిటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తాము. మార్పిడిలో వత్తులు జారిపోతవి. ఒకరోజు మేము "పెళి" అని చదివితే, మంచం మీద నుంచి అమ్మ, "పెళి ఏంది నాయనా, పెళ్ళి గదా!" అన్నది. "సందకాడ" అన్న మాట కింద యంత్రం ఎర్రగీత గీసింది. అది మా అవ్వ మాట. నాన్నగారు కొట్టిన పుటలో అట్లే వున్నది. అట్లే వుంచాము. సందేహం వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పేది ఆ పాత పుటే.

యిప్పటికి నలభై ఏడు పాటలు యివతలకు వచ్చినవి. ఇంకా అరవై అయిదు అక్కడే వున్నవి. చదువుతుంటే అమ్మకు ఆగిపోయిన చరణాలు కొన్ని మళ్ళీ అందుతున్నవి. రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి చూస్తున్నాము.

మన సంఘంవారి యిండ్లలో యిటువంటి ఫైళ్ళు యింకా ఎన్నో వుండవచ్చు: పెళ్ళిపత్రికలు, వంశవృక్షాలు, పెద్దల వుత్తరాలు. పాత కంప్యూటరును అంగడికి పంపేముందు ఒక్క సాయంకాలం దానిని తెరిచి చూడండి. తెలుగు ఫైలు ఏదైనా కనబడితే, అది ఏ ఫాంటులో వున్నదో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. ఆ చీటీ వుంటే మిగిలిన పని తరువాత నిదానంగా చేసుకోవచ్చు.