బసంత్‌నగర్ స్టేజీ దగ్గర ఓ ట్రంకు పెట్టె

రాజీవ్ రహదారి మీద కరీంనగర్ నుంచి గోదావరిఖని పోతుంటే దారిలో సిమెంట్ ఫ్యాక్టరీ ఊరు బసంత్‌నగర్. ఇక్కడికి మంథని దూరమేం కాదు. 1957 నుంచి 1977 దాకా అక్కడి ఎమ్మెల్యే పీవీ నరసింహారావు. సీఎం అయ్యాక 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టించారు. పేదింటి పిల్లలకు చదువు, తిండి, పడక అన్నీ ఒకే ఆవరణలో, సార్లూ అక్కడే. 1980ల్లో కేంద్ర మంత్రిగా నవోదయలకూ అదే బాట వేశారు. పీవీ అంటే అందరికీ 1991 ఆర్థిక సంస్కరణలే గుర్తు. నాకైతే ఇదే పెద్దదనిపిస్తుంది.

కాకపోతే, ఆ చదువు కోసం పదేళ్లకే ఇల్లు విడవాలి. మొన్న స్టేజీ దగ్గర ఓ పాపను చూశా. గురుకులంలో ఐదో తరగతిలో సీటొచ్చిందట. కాళ్ల దగ్గర కొత్త ట్రంకు పెట్టె, బకెట్. "దసరాకు తోల్కపోతవా బాపూ?" నాలుగోసారి అడిగింది. "తోల్కపోత బిడ్డా" అంటూ ఆయన పెట్టె తాళం మళ్లీ మళ్లీ లాగి చూస్తున్నాడు.