మర పోయిన బోల్టు

తాడిపత్రిలో బరువుల గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. నల్లబండల లారీలు, సిమెంటు లారీలు పగలూ రాత్రీ రోడ్ల మీదే ఉంటాయి. వెనక పట్టీలు వంగిన తీరు చూసి లోడెంతో చెప్పే పెద్దమనుషులు టీ బంకుల దగ్గర ఉంటారు. ఇంత అనుభవం ఉన్న ఊళ్లోనూ ఒక మూఢనమ్మకం గట్టిగా నాటుకుంది: చక్రం నట్టు ఎంత బిగిస్తే అంత క్షేమమని. పానా చాలకపోతే దానికి పైపు తొడుగుతారు, అదీ చాలకపోతే పానా మీదికెక్కి నిలబడతారు. ఇప్పుడు గాలి గన్ను వచ్చాక ఆ కష్టమూ పోయింది.

మా కారు ముందు చక్రంలో ఒక బోల్టు మర తినేసింది అలాంటి గన్నుతోనే, దారిలో ఎక్కడో పంచరు వేయించినప్పుడు. నట్టు వంకరగా పడితే చేతికి మొదటి చుట్టులోనే తెలిసిపోతుంది. గన్నుకు ఆ ఇంగితం లేదు, మరల్ని చెక్కుకుంటూ పోతుంది. "మూడున్నాయి కదా, చాల్లే" అన్నవాళ్లున్నారు. నాలుగు బోల్టుల చక్రానికి ఒకటి పోవడమంటే పట్టులో పావు వంతు పోవడమే. ఆ పని పక్క బోల్టుల మీద పడుతుంది, తర్వాత అవి అలసిపోతాయి.

ఎద్దులబండి సంగతి వేరు. ఇరుసు చివర కడశీల వదులుగా ఉన్నా బండి పోతుంది. చక్రం జారిపోకుండా అడ్డం ఉంటే చాలు. కారు బోల్టు పని అడ్డం నిలవడం కాదు, లాగి పట్టుకోవడం. నట్టు బిగిస్తున్నకొద్దీ బోల్టు రబ్బరు బ్యాండులాగా ఏ కొంచెమో సాగుతుంది. ఆ సాగిన ఉక్కు వెనక్కి ముడుచుకోవాలని చూసే బలంతోనే చక్రం హబ్బుకు అదుముకుని ఉంటుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టిన రాపిడే కారు బరువునూ బ్రేకు దెబ్బనూ మోస్తుంది. మరీ బిగిస్తే ఉక్కు సాగిపోయి మళ్లీ ముడుచుకోదు. ఇక దాన్ని నమ్మలేం.

చాలా చిన్న కార్లకు కావలసిన బిగింపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య. మీ కారు పుస్తకంలో ఏ అంకె ఉంటే దాన్నే పాటించాలి. డెబ్భై కిలోల మనిషి అర మీటరు పానా చివర నిలబడితే అది 340 దాటుతుంది. మూడింతలు! కొత్త బోల్టు కొనడంలోనూ ఇదే పట్టింపు. వీల్ బోల్టులు సాధారణంగా 10.9 తరగతివి, చదరపు మిల్లీమీటరుకు సుమారు 1000 న్యూటన్ల లాగుడుకు తట్టుకుంటాయి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే 4.6 రకానికి అందులో సగం బలం కూడా ఉండదు. కార్ల విడిభాగాలకు పనికొచ్చే ప్రత్యేక ఉక్కు తయారుచేసే ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో ఉంటూ నాసి బోల్టు వేసుకోవడం నాకైతే నామోషీ.

పని పొద్దున్నే పెట్టుకోవాలి. ఎండాకాలంలో పది దాటితే మా ఊళ్లో పానా ముట్టుకున్నా చురుక్కుమంటుంది. నేల చదునుగా ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి (రాళ్లకు మాకేం కొదవ!) గేరు న్యూట్రల్‌లో ఉంచితే ముందు హబ్బు తిరుగుతుంది. నట్లు చక్రం నేల మీద ఉండగానే వదులు చేసి, తర్వాతే జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చేయి పెట్టకూడదు, స్టాండు తప్పనిసరి. బ్రేకు కాలిపర్ విప్పాక దాన్ని తీగతో పైకి కట్టాలి, గొట్టం మీద వేలాడనివ్వకూడదు. డిస్కు ఊడదీస్తే బోల్టు తల హబ్బు వెనక కనిపిస్తుంది. హబ్బును తిప్పి, వెనక ఖాళీ ఉన్న చోటికి ఆ తలను తేవాలి. కొన్ని కార్లలో ఆ ఖాళీ ఉండదు. అప్పుడు పంతానికి పోకుండా మెకానిక్‌ను పిలవడమే.

పాత బోల్టు సుత్తి దెబ్బకు వెనక్కి ఊడుతుంది, కానీ సమ్మెట తీసి వీరావేశంతో బాదితే ఆ దెబ్బలన్నీ బేరింగు తింటుంది. నొక్కి ఊడదీసే పుల్లరు అద్దెకు దొరికితే అదే మేలు. కొత్త బోల్టు తల కింద గాట్లుంటాయి. వెనకనుంచి దూర్చి, ఆ గాట్లు హబ్బు రంధ్రంలోని పాత గాట్లలో పడేలా చూసుకోవాలి. ముందువైపు నాలుగైదు దళసరి వాషర్లు తొడిగి, పాత నట్టును తిరగేసి బిగిస్తూ పోతే బోల్టు తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. తల హబ్బుకు ఆనిన క్షణం చేతికి తెలుస్తుంది. ఈ పని మొత్తంలో నాకిష్టమైన ఘట్టం అదే.

చక్రం ఎక్కించాక నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. గుత్తి దాకా పోయొస్తే ఓ వంద కిలోమీటర్లవుతుంది, అప్పుడు చక్రం చల్లారాక మరోసారి సరిచూడాలి. కావలసిన బిగింపు రాగానే టక్కుమనే టార్క్ పానా ఒకటి కొనుక్కున్నాను నేను. ఆ టక్కు విని పక్క పంచరు కొట్టు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం సార్, టక్కుమనె! ఇరిగిందేమో సూడు."