వియన్నాలో ఒక వ్యాపార విద్యాలయం

వియన్నా అనగానే మనవాళ్ళకు ముందుగా సంగీతం గుర్తుకొస్తుంది. ఆ ఊళ్ళో ఇరవై వేలమందికి పైగా పిల్లలు లెక్కల పద్దులూ, బ్యాంకింగూ, ఆర్థికశాస్త్రమూ చదువుకునే పెద్ద విశ్వవిద్యాలయం ఒకటి ఉందని మాత్రం చాలామందికి తెలియదు. జర్మన్‌లో దాని పేరు విర్ట్‌షాఫ్ట్స్ ఉనివెర్సిటేట్. అక్కడి పిల్లలు అంత శ్రమ పడరు, రెండక్షరాల్లో ‘వే-ఊ’ అనేస్తారు. మా మేనకోడలు అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నందున, బరంపురంలో ముప్పయ్యేళ్ళపాటు కామర్సు పాఠాలు చెప్పి రిటైరైన నాకు దాన్ని తీరిగ్గా చూసే అవకాశం కలిగింది.

మెట్రో రెండో లైనులో మెస్సే-ప్రాటర్ అనే స్టేషన్లో దిగితే నాలుగడుగుల దూరం. పక్కనే ప్రాటర్ అనే పెద్ద ఉద్యానవనం, అందులో 1897లో కట్టిన రంగులరాట్నం. అటు జనం రాట్నమెక్కుతుంటే ఇటు పిల్లలు పరీక్షలు రాస్తుంటారు. నాకు మొదట వింతగా తోచినది ప్రహరీ గోడ లేకపోవడం. మన వైపు కాలేజీ పెట్టదలచినవాళ్ళు ముందు గోడా గేటూ కడతారు, డబ్బు మిగిలితే గదులు కడతారు. ఇక్కడ వాకింగుకొచ్చిన ముసలివాళ్ళు, బండిలో పసిపిల్లల్ని తోసుకొచ్చే తల్లులు క్యాంపస్ మధ్యలోంచే నడిచిపోతున్నారు.

ఈ ఆవరణలోకి మారింది 2013లో. భవనాలను ఒక్కరికే అప్పగించకుండా వియన్నా, హాంబర్గ్, లండన్, బార్సిలోనా, మాడ్రిడ్ వంటి నగరాల నుంచి ఆరు సంస్థలకు పంచారు. ఒకటి తుప్పు పట్టిన ఇనుప రంగులో ఉంటుంది, అది కావాలనే అలా వదిలిన ఉక్కట! ఇంకొకటి నారింజ నుంచి పసుపులోకి తిరుగుతూ పైన చెక్క బద్దీలు కట్టుకుని ఉంటుంది. నడిమధ్యన లైబ్రరీ. అది బాగ్దాదులో పుట్టి, లండన్‌లో పేరు తెచ్చుకుని, 2016లో కన్నుమూసిన జాహా హదీద్ రూపకల్పన. బయట గోడలు ముందుకు ఒరిగి ఉంటాయి. లోపల తెల్లటి లోయలో నిలబడ్డట్టు ఉంటుంది. అందంగానే ఉంది కానీ, పుస్తకం చదువుకోవడానికి ఇంత ఆర్భాటం అవసరమా అని నాలోని పాత మాస్టారు గొణుక్కున్నాడు.

ఈ బడి పుట్టింది 1898లో. అప్పటి పేరు ‘ఎగుమతుల అకాడమీ’. ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యపు సరుకులను దేశదేశాల్లో అమ్మగల వర్తకులను తయారు చేయడం దాని పని. మొదట బెర్గ్‌గాసె అనే వీధిలో ఒక మేడలో నడిచింది. ఫ్రాయిడ్ ఇల్లు కూడా ఆ వీధిలోనే. 1918లో సామ్రాజ్యం ముక్కలై, ఓడరేవన్నదే లేని చిన్న దేశం మిగిలింది. సరిగ్గా ఆ మరుసటి ఏడే, 1919లో, బడికి ‘ప్రపంచ వాణిజ్య కళాశాల’ అని పేరు మార్చారు! ఉన్నది పోయినప్పుడు పేరు పెద్దది పెట్టుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది. ఇప్పటి పేరు 1975 నుంచి.

ఇంతవరకు చూసి వచ్చేస్తే సరదా ప్రయాణమే అయ్యేది. మేనకోడలు మాత్రం "మామయ్యా, ఇంకొకటి చూడాలి" అంటూ ఆవరణలో ఉన్న స్మారక చిహ్నం దగ్గరకు తీసుకెళ్ళింది. అది భూగోళం ఆకారంలో ఉంది, ఆ గోళాన్ని అల్లింది మనుషుల పేర్లతో. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్న తరువాత ఈ కళాశాల నుంచి వెళ్ళగొట్టిన వాళ్ళ పేర్లవి, ఎక్కువమంది యూదులు. దీన్ని నిలబెట్టింది 2014లో.

అంత ఆలస్యం ఎందుకయిందని అడిగితే, ఆమె చెప్పిన కథ నాకు ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు. యుద్ధం అయిపోయాక ఈ కళాశాలలో ఆర్థిక చరిత్ర బోధించిన ప్రొఫెసర్ ఒకాయన ఉండేవాడు, పేరు తారాస్ బొరొడాయ్‌కెవిచ్. పాత నాజీ పార్టీ సభ్యుడు. క్లాసులో యూదులను ఎగతాళి చేస్తూ మాట్లాడేవాడు, కొందరు పిల్లలు నవ్వేవారు. ఫెర్డినాండ్ లాట్సినా అనే విద్యార్థి ఆ మాటలన్నీ నోట్సులో రాసుకున్నాడు. వాటి ఆధారంగా 1962లో హైన్జ్ ఫిషర్ అనే యువకుడు పత్రికకెక్కించాడు. ప్రొఫెసర్ పరువు నష్టం దావా వేశాడు. నోట్సు ఎవరివో చెబితే ఆ కుర్రవాడి చదువు పాడవుతుందని ఫిషర్ పేరు బయటపెట్టలేదు, జరిమానాకే ఒప్పుకున్నాడు. లాట్సినా చదువు పూర్తయ్యాకే సంగతి మళ్ళీ కోర్టుకెక్కింది.

1965 మార్చి 31న వియన్నా వీధుల్లో ప్రొఫెసరును తొలగించాలని ఒక ఊరేగింపు, ఆయనను సమర్థిస్తూ ఇంకొకటి ఎదురుపడ్డాయి. ఎర్న్‌స్ట్ కిర్ష్‌వేగర్ అనే 67 ఏళ్ళ పాత కమ్యూనిస్టును ఒక తీవ్రవాద విద్యార్థి ముఖంమీద గుద్దాడు. పడిపోయిన ఆ పెద్దాయన రెండు రోజులకు చనిపోయాడు. ఆయన పుట్టింది 1898లో, అంటే ఈ బడి పుట్టిన ఏడే. కొట్టినవాడికి పడిన శిక్ష పది నెలలు. ప్రొఫెసరును ఆ మరుసటి ఏడు పదవీ విరమణ చేయించారు, పింఛను ఇచ్చే పంపారు.

నేను కూడా క్లాసులో నిలబడి మాట్లాడినవాణ్ణే. డెబిట్టు, క్రెడిట్టు చెప్పేవాడి నోట ఏ మాట దొర్లితే ఏమవుతుందిలే అనుకుంటాం. వెనక బెంచీలో కూర్చుని ఒక పిల్లవాడు రాసుకుంటూ ఉంటాడు. ఆ లాట్సినాయే 1986లో ఆర్థికమంత్రి అయ్యాడు, ఫిషర్ 2004 నుంచి 2016 దాకా దేశాధ్యక్షుడుగా ఉన్నాడు.

ఇక పిల్లల్ని పంపదలచిన తల్లిదండ్రుల కోసం నాలుగు ముక్కలు. ఇది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఐరోపా సమాఖ్య పిల్లలకు నిర్ణీత కాలంలో చదువు పూర్తి చేస్తే ఫీజు దాదాపు లేనట్టే. మనలాంటి బయటి దేశాలవాళ్ళకు సెమిస్టరుకు 726 యూరోల పైచిలుకు. అమెరికా, లండన్ ఫీజులతో పోల్చి చూసుకోండి. అయితే ఇంటి అద్దె, భోజనం ఖర్చులు చౌక కావు. డిగ్రీ చదువులు చాలావరకు జర్మన్‌లోనే, ఎమ్మెస్సీలు కొన్ని పూర్తిగా ఇంగ్లీషులో ఉన్నాయి. డిగ్రీలో మొదటి సెమిస్టరే జల్లెడ, అందులో తేలనివాళ్ళు ముందుకు పోలేరు.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. అక్కడ ‘1’ అంటే అత్యుత్తమం, ‘5’ అంటే తప్పినట్టు. మా మేనకోడలు మొదటి పరీక్ష అవగానే "నాన్నా, ఒకటి వచ్చింది" అని ఫోన్ చేస్తే, మా బావ "పోనీలే తల్లీ, భోజనం సరిగ్గా చెయ్యి, మళ్ళీ రాద్దువుగాని" అన్నాడట.