కచార్‌గఢ్ పోనీకి మా లెక్క

మాఘ పున్నమికి కచార్‌గఢ్ పోదామని మా హాస్టల్లో పదిమందిమి అనుకున్నం. ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ మీదుగా గోండియా జిల్లా దాకా, పోను రాను సుమారు 800 కిలోమీటర్లు. లీటరుకు 10 చొప్పున 80 లీటర్ల డీజిల్, అంటే 8,000 రూపాయలు. బండి కిరాయి 6,000. డ్రైవర్ బత్తా, టోల్ 2,000. మొత్తం 16,000, మనిషికి 1,600.

ఇద్దరి దగ్గర పైసల్లేవు. స్కాలర్‌షిప్ రాలేదు, ఇంట్లో పత్తి పైసలు అప్పుకే పోయినయి. "మీరు పోయి రండిరా" అన్నరు. లింగో మన పిల్లలందరినీ విడిపించిన గుహ అని పెద్దలు చెప్తరు. దాన్ని చూడనీకి ఇద్దరిని వదిలి పోతమా? ఎనిమిదిమందిమి తలా 2,000 వేసినం. ఆ ఎక్కువైన 400 కోసం హోటల్ తిండి బంద్ పెట్టినం. జొన్నపిండి, పప్పు, గిన్నెలు ఇంటి నుంచే కట్టుకుంటున్నం.

మీరూ బండి మాట్లాడేముందు ఎవరు ఆగిపోతున్నరో అడగండి. డీజిల్ లెక్క తర్వాత.